చుక్కాని దగ్గర బల్ల

“ఎంతమందండీ?” అని అడిగాడు గుమ్మంలో నిలబడ్డ మనిషి.

పేరమ్మ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. ‘అండీ’ అన్నది తననేనని తెలిసి కొంగు సర్దుకుంది.

“నేనొక్కదాన్నే బాబూ.”

ఆ ‘అండీ’ అక్కడితో సరి. అతను ఆమెను పాదాల దాకా చూసి, “ఒక్కదానివేనా? ఇంకెవరైనా వస్తారా?” అన్నాడు.

“ఎవరూ రారు.”

అతను గళ్ళ లుంగీ మోకాళ్ళ పైకి కట్టి, చారల బనీను తొడుక్కుని, తలకు ఎర్రగుడ్డ చుట్టుకున్నాడు. వడ్డించేవాళ్ళందరిదీ అదే వేషం. నావ నడిపేవాళ్ళ వేషమట. పందిరి నిండా వలలు వేలాడదీశారు. ఒక్క చేప కూడా తగలని కొత్త వలలు.

కృష్ణ ఒడ్డున ఎగ్జిబిషన్ పెట్టి నెల దాటింది. జెయింట్ వీల్ ఎక్కి, అద్దాల మేడ చూసి, బావిలో మోటారు సైకిలు తిరగడం చూసి, జనమంతా చివరికి ఈ హోటలు ముందుకే చేరతారు. దానికి రాసిన పేరు ఏదైనా అందరూ నావ హోటలనే అంటారు. పందిరి మధ్యలో నిజం నావ ఉంది. దానికి నీలం రంగు వేసి, ఇటుక దిమ్మల మీద నిలబెట్టి, లోపల మూడు బల్లలు బిగించారు. ఎక్కడానికి పక్కన చెక్కమెట్లు పెట్టారు. వెనక, చుక్కాని దగ్గర బల్లకు గిరాకీ ఎక్కువ. అక్కడ కూర్చుంటే కృష్ణ మీది గాలి తగులుతుంది. బ్యారేజీ దీపాల వరస కనబడుతుంది. ఆ బల్ల కోసం పిల్లాపాపలతో గుమ్మంలో నిలబడి ఎదురుచూసేవాళ్ళున్నారు.

“ఆ నావలో, చివరి బల్ల దగ్గర కూర్చుంటా బాబూ,” అంది పేరమ్మ.

“నావలో ఫామిలీలకేనమ్మా. నలుగురికి తక్కువైతే ఇవ్వం. ఒక్కళ్ళయితే అదిగో, అక్కడ.”

అతను చూపించిన చోట, నావ ముందుకొన కింద, చేతులు కడుక్కునే పంపు పక్కన ఒక మూరెడు బల్ల, ఒక స్టూలు ఉన్నాయి. పేరమ్మ వెళ్ళి కూర్చుంది. కడుక్కునేవాళ్ళ చేతుల నీళ్ళు మోకాళ్ళ మీద చిందాయి.

గల్లాపెట్టె దగ్గర మేనేజరు వెంకటకృష్ణారావు తల ఎత్తి గాలి పీల్చాడు. “మరియదాసూ, అటు ఒక అగరొత్తి వెలిగించవయ్యా,” అన్నాడు.

గుమ్మంలో మనిషే వచ్చాడు. పటం ముందు వెలుగుతున్న అగరొత్తుల్లో ఒకటి తీసుకొచ్చి, పేరమ్మ బల్ల మీద అరటిపండు ముక్కకు గుచ్చాడు. ఎందుకో పేరమ్మకు వెంటనే తెలియలేదు. తెలిశాక చేతులు ఒళ్ళోకి తీసుకుంది. ఎండుచేపల గంప దించి, కృష్ణలో సబ్బు పెట్టి స్నానం చేసి, కోరాచీర మార్చుకునే వచ్చింది. జుట్టులో వాసన పోయి ఉండదు.

“ఏం కావాలి?”

“టీ ఇయ్యి బాబూ.”

అతను వెళ్ళాక తల ఎత్తి చూసింది. ఒడ్డెక్కేటప్పుడు అణియం ఎట్లా పైకి లేస్తుందో అట్లాగే నిలబెట్టారు నావను. ఆ అణియం, నావ ముందుకొన, ఆమె తల మీదుగా పొడుచుకుని వచ్చింది. ఏళ్ళ తరబడి ఆమె పసుపు రాసి బొట్లు పెట్టిన చోట ఇప్పుడు కలువపువ్వు బొమ్మ వేశారు. పేరమ్మ ఎవరూ చూడకుండా ఎడమ చెక్క మీద చెయ్యి వేసి తడిమింది. రంగు కింద గరుకుగా తగిలింది. కిరసనాయిలు డబ్బా రేకు. అంచుల వెంట మేకులు. మూలన ఒక మేకు వంకర. ఆ మేకు కొడుతూనే ఆమె మొగుడు సూరయ్య బొటనవేలు చితగ్గొట్టుకున్నాడు. వారం రోజులు ఆమే అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

లారీ తోలే మంగరాజు చెప్పింది నిజమే. “మీ నావలో కూర్చుని పూరీ తిన్నానే పేరత్తా,” అని అతను నవ్వుతూ చెప్పిన రోజు నుంచి ఆమెకు నిద్ర సరిగా లేదు.

చుక్కాని దగ్గర బల్ల మీద ఒక కుటుంబం భోంచేస్తోంది. ఆ ఇల్లాలి గొంతు, చెప్పుల చప్పుడు మాత్రం కిందికి వినబడుతున్నాయి. మాట మాటకీ ఆ చెప్పు నావ చెక్క మీద టకటక కొట్టుకుంటోంది. పేరమ్మ ఆ చప్పుడే వింటూ టీ తాగింది. ఆడది నావెక్కినా ఆ ఇల్లాలికి ఏమీ కాలేదు. తిని, నవ్వుతూ దిగి, పంపు దగ్గర చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

*

“సముద్రం మీదైనా అంతేగా. నలుగురికి తక్కువైతే నావెక్కరుగా,” అంది శౌరమ్మ.

శౌరమ్మది బెజవాడ మార్కెట్లో ఎండుచేపల కొట్టు. పేరమ్మ బందరు నుంచి గంప తెచ్చినప్పుడల్లా ఆ కొట్టు వసారాలోనే పడుకుంటుంది. పొద్దున్నే ఇద్దరూ గోనెపట్టా మీద సావిళ్ళు, నెత్తళ్ళు విడదీస్తున్నారు.

“వేళాకోళం కాదొదినా. ఒక్కసారి కూర్చుని వచ్చేస్తా. ఎవరికేం పోయింది?”

“అవునూ, మీ వాళ్ళలో ఆడది నావ మీద కాలు పెట్టకూడదుగా?”

“పెట్టకూడదు.”

“మరి?”

“అది నీళ్ళలో ఉన్నప్పుడు.”

“గంగమ్మ తల్లికి చెప్పొచ్చావా, ఇప్పుడది హోటలని?”

పేరమ్మ నవ్వలేదు. విరిగిన నెత్తళ్ళను ఏరి వేరే కుప్ప పోసింది. ఆ కట్టుబాటు ఆమె ఏనాడూ తప్పలేదు. నావ ఇసుక మీద ఖాళీగా ఉన్నప్పుడు కూడా, లోపల మరిచిపోయిన సద్దిగిన్నె కోసం చెయ్యి చాపి అందుకుందే గాని కాలు పెట్టలేదు. గంగమ్మ నావను కాపాడింది. సూరయ్యను మాత్రం కామెర్లు నేల మీద, నులకమంచంలోనే తీసుకుపోయాయి. ఆ కట్టుబాటు తల్లి పెట్టిందా, మనుషులు పెట్టి తల్లి పేరు చెప్పారా అని మొన్న బస్సులో, పామర్రు దాటాక, ఆమెకు అనిపించింది. వెంటనే తప్పు తప్పని చెంపలు వేసుకుంది. ఆ అనుమానం మాత్రం పోలేదు.

“అమ్ముకున్న నావ. అందులో కూర్చుంటే ఏమొస్తదే?” అంది శౌరమ్మ, ఈసారి మెల్లగా.

“ఆ చుక్కాని పట్టుకుని ఆయన ఏం చూసేవాడో చూద్దామని.”

“ఏం చూస్తాడు? నీళ్ళు.”

“ఒడ్డుకొచ్చేటప్పుడు?”

శౌరమ్మ చేతులు ఆపింది.

“నావ కనబడగానే నేను ఒడ్డుకు పోయి నిలబడేదాన్ని వదినా. బిందెతో మంచినీళ్ళు పట్టుకుని. మా ఇంటి నావ కదా, అణియం తాకే చోట ముందు నేనుండాలి. మిగతా వాళ్ళంతా గంపలతో అటూ ఇటూ నిలబడేవాళ్ళు. నావ అటు తిరిగితే నేనూ అటు జరిగేదాన్ని, ఇటు తిరిగితే ఇటు. ఆయన లోపలి నుంచే కేకేసేవాడు. ‘ఏమే కొండలమ్మా, గంప తెచ్చావా’ అని. ‘పోలేరమ్మా, పిల్లాడికి జ్వరం తగ్గిందా’ అని. అందరూ కనబడేవాళ్ళు. నేను మాత్రం కాదు. నేను ఎదురుగా నిలబడి ఉండగానే, ‘పేరమ్మ రాలేదా?’ అని ఆ కొండలమ్మని అడిగేవాడు. అది పకపకా నవ్వేది.”

“మొగాళ్ళ మోటు సరసం.”

“సరసమైతే ఒకనాడు. బతికినన్నాళ్ళా? దిగి, నా పక్కకొచ్చి, ‘వచ్చావా?’ అనేవాడు. అప్పుడే చూసినట్టు.”

“నువ్వేమనేదానివి?”

“ఏమంటాను? బిందె ఇచ్చేదాన్ని.”

ఎవరో బేరానికి వచ్చారు. శౌరమ్మ లేచి, సావిళ్ళు తూకం వేసి, పొట్లం కట్టి ఇచ్చి మళ్ళీ కూర్చుంది.

“నలుగురేగా కావాల్సింది,” అంది. “నువ్వు, నేను, మా కోడలు తెరేసమ్మ, దాని అమ్మ ఎట్లాగూ వచ్చి తిని కూర్చుంది. సాయంత్రం పోదాం పద. ఫామిలీ అంటే ఎట్లా ఉంటదో చూపిద్దాం.”

*

ఆ సాయంత్రం నలుగురూ తలకు నూనె రాసుకుని, పూలు పెట్టుకున్నవాళ్ళు పెట్టుకుని వెళ్ళారు. పేరమ్మ పూలు పెట్టుకోలేదు. శౌరమ్మ ఇచ్చిన అత్తరు చుక్క మాత్రం కొంగుకు రాసుకుంది.

మరియదాసు వాళ్ళను చూసి, “నలుగురు,” అని మేనేజరు వైపు తిరిగి చెప్పాడు.

వెంకటకృష్ణారావు కళ్ళజోడు పైనుంచి చూశాడు. “చివరి బల్ల రిజర్వమ్మా. కింద కూర్చోండి.”

“ఖాళీ అయ్యేదాకా ఉంటాం లెండి,” అంది శౌరమ్మ.

“మీ ఇష్టం.”

గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నారు. తెరేసమ్మ వాళ్ళమ్మకు జెయింట్ వీల్ చూస్తేనే కళ్ళు తిరిగాయి. చుక్కాని దగ్గర బల్ల ఖాళీ అయింది. తుడిచారు. మళ్ళీ ఎవరో ఎక్కారు. వాళ్ళు తిని దిగారు. మళ్ళీ తుడిచారు. శౌరమ్మ లేవబోయేంతలో జీపు ఆగింది. పామర్రులో రైసుమిల్లున్న రామకోటేశ్వరరావు, ఇంకో ఇద్దరు మగవాళ్ళు దిగారు. మేనేజరు గల్లాపెట్టె వదిలి ఎదురెళ్ళాడు.

“రండి రండి. మీకోసమే ఉంచానండీ.”

ముగ్గురూ మెట్లెక్కారు. శౌరమ్మ లేచి నిలబడింది.

“ఏవండీ మేనేజరుగారూ, వాళ్ళు ముగ్గురేగా? నలుగురికి తక్కువైతే ఇవ్వరన్నారు?”

“నాలుగో ఆయన వస్తున్నాడమ్మా.”

“ఎందుకండీ అంతదూరం నుంచి రావడం? నాలుగో మనిషి ఇక్కడే రెడీగా ఉంది. కూర్చోబెట్టండి.”

దగ్గర బల్లల వాళ్ళు నవ్వారు. మేనేజరు ముఖం ఎర్రబడింది. “చూడమ్మా, ఇది ఫామిలీలు వచ్చే చోటు. నలుగురు ఆడవాళ్ళు పోగైతే ఫామిలీ అయిపోదు. ఆ వాసనకు పక్కవాళ్ళు లేచిపోతే నాకు ఎవరు జవాబు చెప్తారు?”

“చేపల పులుసు అమ్ముకుంటూ చేపల వాసనంటావేంటయ్యా?”

“వదినా, పద,” అని పేరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. రామకోటేశ్వరరావు నావలోంచి వంగి, “ఏంటయ్యా గొడవ?” అని అడిగాడు. “ఏం లేదండి, మీరు కూర్చోండి,” అన్నాడు మేనేజరు. ఆయన కూర్చున్నాడు.

గుమ్మం దాటుతూ శౌరమ్మ మరియదాసు ముందు ఆగింది. అతని చారల బనీను మెడలోంచి జపమాల శిలువ బయటికొచ్చి ఉంది. “గుణదల మాత పేరు పెట్టుకున్నావు కదా నాయనా,” అంది. “తిరణాళ్ళలో కొండెక్కేటప్పుడు నలుగురు ఉంటేనే ఎక్కనిస్తుందా ఆ తల్లి?”

మరియదాసు శిలువను బనీను లోపలికి తోసుకున్నాడు.

వాళ్ళు రంగులరాట్నం దాటి వెళ్తుండగా అతను వెనక నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. తలగుడ్డ చేతిలో ఉంది. గుడ్డ లేకపోతే నలభై దాటిన, నుదుటి మీద జుట్టు ఊడిన మామూలు మనిషి.

“అమ్మా, ఆ బల్లే ఎందుకు కావాలన్నారు?”

“అది మా నావ బాబూ,” అంది పేరమ్మ.

అతను వెనక్కి తిరిగి హోటలు వైపు చూశాడు. నావ వెనక కొసన పెట్రోమాక్సు లైటు కింద రామకోటేశ్వరరావు చెయ్యి ఊపుతూ ఏదో చెప్తున్నాడు.

“నిన్న ఆ అగరొత్తి…” అని ఆగాడు. “రేపు మధ్యాహ్నం రండమ్మా. అయ్యగారు భోజనానికి ఇంటికి వెళ్తారు. అప్పుడు జనం ఉండరు. నేను బల్లలు కడుగుతుంటాను.”

*

మధ్యాహ్నపు ఎండలో ఎగ్జిబిషన్ వేరే ఊరిలా ఉంది. జెయింట్ వీల్ పెట్టెలు గాలికి ఊరికే కిర్రుమంటున్నాయి. మోటారు సైకిలు నడిపే మనిషి బావి నీడలో పడుకుని నిద్రపోతున్నాడు. పేరమ్మ ఒక్కతే వచ్చింది. శౌరమ్మ వస్తానంది గాని, వద్దంది. ఖాళీ గంప గుమ్మం బయట బోర్లించి, చెప్పులు దాని పక్కన విడిచింది.

మరియదాసు లుంగీ పైకి కట్టి, బక్కెట్లో నీళ్ళతో బల్లలు రుద్దుతున్నాడు. తలకు గుడ్డ లేదు.

“వెళ్ళండమ్మా. చివరి బల్ల తుడిచేశాను.”

ఆమె ముందు అణియం దగ్గరికి వెళ్ళింది. కొంగు ముడిలోంచి కుంకుమ పొట్లం తీసి, కలువపువ్వు బొమ్మ మీద చిన్న బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుంది. ‘తప్పయితే నాది తల్లీ. ఇంకెవరిదీ కాదు’ అనుకుంది. మెట్ల దగ్గరికొచ్చి నిలబడింది. మొదటి మెట్టు ఎక్కి మళ్ళీ దిగింది.

“భయమేం లేదమ్మా. గట్టిగా బిగించారు,” అన్నాడు మరియదాసు.

“భయం కాదు బాబూ.”

రెండోసారి ఎక్కింది. కుడికాలు నావ అంచు దాటించి లోపల పెట్టింది. చెక్క ఎండకు వెచ్చగా ఉంది. ఏమీ జరగలేదు. ఒక పావురం పందిరి మీంచి లేచి వెళ్ళిపోయింది, అంతే. బల్లల మధ్య నుంచి పక్కకు తిరిగి నడిచి వెనక కొసకు చేరింది. అక్కడ నాలుగు కుర్చీలున్నాయి. పేరమ్మ కుర్చీలో కూర్చోలేదు. చుక్కాని కర్ర ఉండే గాడి దగ్గర, అడ్డచెక్క మీద కూర్చుంది. చెక్క మధ్యలో కొంచెం పల్లం పడి ఉంది. రంగు వేసినా ఆ పల్లం పోలేదు. సూరయ్య కూర్చుని కూర్చుని అరగదీసిన పల్లం. అందులో ఆమె సరిగ్గా ఇమిడింది.

కృష్ణ కనబడింది. గాలి వచ్చింది. దీని కోసమే గదా జనం నిలబడేది అనుకుంది. అయినా దేనికోసం వచ్చిందో అది ఇక్కడేమీ ఉన్నట్టు తోచలేదు. నావ ఎదురుగా పొడుగ్గా పరుచుకుని ఉంది. బల్లలు, ఆ బల్లలకు అవతల పైకి లేచిన అణియం. ముప్పై ఏళ్ళు ఆయన చూసింది ఇంతేనా?

“ఏం తెమ్మంటారమ్మా?” మరియదాసు గొంతు వినబడింది.

పేరమ్మ అటూ ఇటూ చూసింది. “ఎక్కడున్నావు బాబూ?”

“ఇక్కడేనమ్మా. మీ ఎదురుగానే.”

ఎదురుగా ఎవరూ లేరు. అణియం, దాని పైన పందిరి, వల.

“ఎదురుగా ఎక్కడ?”

“ఇదిగో, పంపు దగ్గర. మొన్న మీరు కూర్చున్న చోటే.”

పేరమ్మ ముందుకు వంగింది. రెండు చేతులూ చెక్క మీద ఆనించింది.

“బాబూ, కొంచెం పక్కకు జరుగు.”

“ఎటు?”

“ఎటైనా సరే.”

అణియం పక్క నుంచి మరియదాసు భుజం, తర్వాత ముఖం, తర్వాత మనిషంతా బయటికొచ్చాడు. చేతిలో తడిగుడ్డ. ముఖం మీద చెమట చుక్కలు కూడా కనబడుతున్నాయి.

“మళ్ళా అక్కడికే పో.”

అతను అర్థం కాకపోయినా వెళ్ళాడు. మాయమయ్యాడు.

“ఇప్పుడు ఇంకా వెనక్కి పో బాబూ. గుమ్మం దాకా. తిన్నగా పో.”

అడుగుల చప్పుడు దూరమైంది. అతను కనబడలేదు. గుమ్మం దాకా వెళ్ళినా, గుమ్మం అవతలికి వెళ్ళినా, తిన్నగా నిలబడ్డంతసేపు అణియం అతన్ని మింగేసింది. గుమ్మానికి ఒక పక్కన బోర్లించిన గంప మాత్రం కనబడుతోంది. గంప పక్కన విడిచిన చెప్పులు కనబడుతున్నాయి.

పక్కన నిలబడ్డ కొండలమ్మ కనబడేది. పోలేరమ్మ కనబడేది. నావ అటు తిరిగితే అటూ, ఇటు తిరిగితే ఇటూ జరిగి, సరిగ్గా ఎదురుగా, ఎప్పుడూ సరిగ్గా ఎదురుగా తను నిలబడింది. ఆయన ఒడ్డంతా చూసి ఉంటాడు. లేననుకుని కొండలమ్మని అడిగి ఉంటాడు. దిగి, అణియం చుట్టూ తిరిగి వచ్చి…

నావ మీద కాలు పెట్టిన ఏ మగవాడికైనా ఇది తెలిసే ఉంటుంది. తెలిసిన సంగతి ఎవరూ చెప్పరు. తెలియనివాళ్ళు అడగాలి. ఆమె అడగలేదు. ఆయన కూడా, పక్కకు నిలబడవే అని ఒక్కనాడు అనలేదు. అణియం ముందు ఇంటి ఇల్లాలు నిలబడటం ఆచారం కదా, ఎట్లా అంటాడు?

“అమ్మా, ఇంకా వెనక్కి వెళ్ళమంటారా?” గుమ్మం అవతల నుంచి అడిగాడు మరియదాసు.

“వద్దు బాబూ. వచ్చెయ్యి.”

ఆమె అక్కడే కూర్చుంది. ఏడవలేదు. అరిచెయ్యితో ఆ పల్లం అంచును, తడి ఆరిన చెక్కను, ఊరికే రాస్తూ కూర్చుంది. బ్యారేజీ మీద లారీలు పోతున్నాయి. కొంతసేపటికి మరియదాసు మెట్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు.

“అయ్యగారు వచ్చే వేళవుతోందమ్మా. టీ ఇక్కడికే తెమ్మంటారా?”

“కింద తాగుతాలే.”

“ఫరవాలేదు, తాగి దిగండి. నేను చెప్పుకుంటాను.”

“చాలు బాబూ. కూర్చున్నాగా.”

మెట్లు దిగింది. మరియదాసు టీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. పేరమ్మ పంపు దగ్గరికి వచ్చి, అణియం ఎదురుగా, అలవాటైన చోట నిలబడింది. తల మీద నావ. ఆ అవతల ఏముందో కనబడలేదు. ఎన్ని మధ్యాహ్నాలు ఇట్లా నిలబడి, చంకన బిందె బరువుకు నడుము వంగి, లోపల రగిలిపోయిందో. ఇక్కడి నుంచి తనకూ ఆయన కనబడేవాడు కాదని, గొంతు మాత్రమే వినబడేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

ఒక అడుగు పక్కకు వేసింది. కొండలమ్మ గంపతో నిలబడే చోటు.

నావ బారునా కనబడింది. చివర, కుర్చీల వెనక, చుక్కాని దగ్గర అడ్డచెక్క మీద ఎండ పడుతోంది. అక్కడెవరూ లేరు.

“వచ్చాను,” అంది పేరమ్మ.

టీ గ్లాసుతో వస్తున్న మరియదాసు ఆగాడు. “నాతోనా అమ్మా?”

“కాదు బాబూ,” అని ఆమె గ్లాసు అందుకుంది. స్టూలు దగ్గరికి వెళ్ళలేదు. ఆ పక్కనే, దారికి కొంచెం అడ్డంగా నిలబడి, నావ చివరికి చూస్తూ టీ తాగింది.